గోదావరికి ఏ ఒడ్డున

మా అక్క గోదావరిఖనిలో ఉంటుంది. వాడకట్టులో నా గురించి ఎవరడిగినా, "మా చెల్లె పట్నంల విమానాలకు తొవ్వ చూపిస్తది" అని చెబుతుంది. వినేవాళ్ళకు అది జెండా ఊపే ఉద్యోగంలా వినిపిస్తుంది. పక్క క్వార్టరులో ఉండే పెద్దామె ఒకసారి నన్ను గేటు దగ్గరే ఆపి, "అయితే నాకు షిర్డీకి టికెట్ తక్కువల ఇప్పిస్తవా బిడ్డా?" అంది. "షిర్డీకి రైలు మంచిగుంటది అవ్వా, కాళ్ళు చాపుకొని పోవచ్చు" అన్నాను. ఆమె మూతి ముడుచుకుంది. నేనూ ముడుచుకున్నాను. ఆ పూట మా ఇద్దరి మధ్య రాజీ కుదర్చడానికి అక్క చాయ్ పెట్టాల్సి వచ్చింది.

అప్పటి నుంచి నా పని గురించి ఎవరికీ వివరించడం మానేశాను. ఇక్కడ మాత్రం కొంచెం చెప్పక తప్పదు, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

విమానాల రాకపోకలను నియంత్రించే గదిలో నేను పని చేస్తాను. ఆ గదికి కిటికీలు ఉండవు. ఎదురుగా పెద్ద తెర, దాని మీద మెల్లగా పాకే చుక్కలు, చెవులకు హెడ్‌సెట్. ఒక్కో చుక్క ఒక విమానం. ఒక్కోదాంట్లో నూటయాభై మందో రెండొందల మందో కూర్చుని కునుకు తీస్తూ ఉంటారు. ఏ రెండు చుక్కలూ ఒకే ఎత్తులో దగ్గరపడకుండా చూడడం నా పని. ఒకరిని పైనే ఉండమంటాను, ఒకరిని కిందికి రమ్మంటాను, వాన మబ్బు అడ్డమొస్తే ఇంకొకరిని చుట్టు తిప్పి పంపుతాను. దిగే సమయానికి వాళ్ళు నా చేతిలోంచి టవర్‌లో ఉన్నవాళ్ళ చేతిలోకి పోతారు. ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చెయ్యకపోయినా, కుక్క అడ్డమొచ్చినా, గాలి తిరగబడినా, దిగబోయేవాణ్ణి మళ్ళీ పైకి లేపడం వాళ్ళ బాధ్యత. మేము ఏది చెప్పినా పైలట్ దాన్ని తిరిగి మాకు పాఠంలా అప్పజెప్పాలి. అప్పజెప్పింది సరిగ్గా ఉందో లేదో మేము చెవిపెట్టి వినాలి. ఇదంతా సక్రమంగా సాగితే ఏమీ జరగదు. ఏమీ జరగకుండా ఉండడానికే మాకు జీతం ఇస్తారు, అందుకే మా గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

అలా రోజుకు ఎంతమందితో మాట్లాడతానో. అందరూ మర్యాదస్తులే. నా హద్దు దాటగానే "గుడ్ డే మేడమ్" అని ఇంకో ఫ్రీక్వెన్సీకి మారిపోతారు. ఆ తర్వాత వాళ్ళు ఎక్కడ దిగారో, ఎవరింటికి పోయారో నాకు తెలియదు. డ్యూటీ దిగి ఫ్లాటుకు పోతే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో అలికిడి ఉండదు. పెళ్ళి చేసుకోలేదు. అది పెద్ద కథేమీ కాదు. మొదట షిఫ్టులు అడ్డమొచ్చాయి, తర్వాత నా నోరు అడ్డమొచ్చింది, ఆ తర్వాత అడిగేవాళ్ళే లేకపోయారు.

సెలవు రోజున ఒక్కోసారి పొద్దు గూకేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొస్తుంది. అప్పుడు అక్కర్లేకపోయినా కిందికి దిగి కూరగాయల బండి దగ్గరికి పోతాను. "అరకిలో బెండకాయ, పావుకిలో పచ్చిమిర్చి" అని చెప్పి, అతను తిరిగి అప్పజెబుతాడేమోనని అలవాటుకొద్దీ ఆగుతాను. అతను నా మొహం చూసి, "ఇంకేమన్న గావాల్నా అక్కా?" అంటాడు. ఏమీ వద్దని చెప్పడానికి మనసొప్పక ఇంత కొత్తిమీర కూడా వెయ్యమంటాను. నా ఫ్రిజ్‌లో కొత్తిమీర ఎప్పుడూ కుళ్ళుతూనే ఉంటుంది.

మాది గోదావరిఖని అని చెప్పుకుంటాను గానీ అక్కడ నాదంటూ ఏమీ మిగల్లేదు. బాపు బొగ్గుబాయిలో పని చేశాడు. ఆయన రిటైర్ కాగానే క్వార్టరు అప్పగించి, కమాన్‌పూర్ అవతల ఉన్న మా సొంత ఊరికి మారాం. బాపు అక్కడే పోయాడు. కొన్నేళ్ళకు ఓపెన్‌కాస్ట్ గని ఆ ఊరిదాకా వచ్చింది. ఇల్లు, వాకిలి, బాపును కాల్చిన చోటు, అన్నీ గోతిలో కలిసిపోయాయి. అమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. ఇప్పుడు ఊరికి పోతున్నానంటే అక్క ఇంటికి పోతున్నానని అర్థం. బావ ఆ ఓపెన్‌కాస్ట్‌లోనే డంపర్ నడుపుతాడు. మా ఇల్లున్న చోటి మట్టిని తీసుకుపోయి గుట్టగా పోసినవాళ్ళలో ఆయనా ఒకడు. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తడు, నేనూ అడగను.

ఇక అసలు సంగతి. అది జూన్ నెల, మబ్బులు కమ్ముతున్నాయి గానీ వానలు ఇంకా ఊపందుకోలేదు. నాది మధ్యాహ్నం డ్యూటీ. రామగుండం, మంచిర్యాల మీది ఆకాశం నా వాటాలోదే. ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్న ఒక పెద్ద విమానం కెప్టెన్ నన్ను పిలిచాడు. ఆయన గొంతులో కేరళ యాస ఉంది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, నేను నా తెలుగులో చెబుతున్నాను.

"కంట్రోల్, ఆపద ఫ్రీక్వెన్సీ మీద ఎవరో అమ్మాయి సాయం అడుగుతోంది. ట్రెయినీ పైలట్. విమానంలో ఒక్కతే ఉంది. దారి తప్పింది. మీకు వినిపిస్తోందా?"

నాకు వినిపించడం లేదు. నా తెర మీద కూడా ఆమె లేదు. బాగా కిందుగా ఎగిరే చిన్న విమానాన్ని అంత దూరం నుంచి మా రాడార్ చూడలేదు, మా రేడియో అందుకోలేదు. ఆమె నెత్తిన చాలా ఎత్తులో పోతున్న ఆ కెప్టెన్‌కు మాత్రమే ఆమె గొంతు అందుతోంది. అంటే నేను ఆయనకు చెప్పాలి, ఆయన ఆమెకు చెప్పాలి, ఆమె జవాబు ఆయన మోసుకొచ్చి నాకివ్వాలి.

మా సూపర్‌వైజరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. నా దగ్గరున్న మిగతా విమానాలన్నీ పక్క సీటుకు మార్చేశాడు. నాకు ఇద్దరే మిగిలారు, తెర మీద కనబడే కెప్టెన్, ఎక్కడుందో తెలియని ఆ పిల్ల.

కెప్టెన్ అడిగి తెలుసుకుని చెప్పిన సంగతి ఇది. ఆమె చాలా దూరంలో ఉన్న ఒక ఫ్లయింగ్ స్కూలు విద్యార్థిని. మబ్బులను తప్పించబోయి దారి వదిలేసింది. మ్యాపు చూపించే ట్యాబ్ ఎండకు వేడెక్కి ఆగిపోయింది. ఎక్కడెక్కడో తిరిగింది. ఇంధనం ఇంకో అరగంటకు మించి రాదు. పైన మబ్బు పరుచుకుని ఉంది, కింద మసక.

దారి తప్పినవాళ్ళకు మేము మామూలుగా చెప్పే మొదటి మాట, పైకి రమ్మని. పైకొస్తే రాడార్‌కు కనబడతారు. ఈ పిల్లకు ఆ మాట చెప్పలేను. మబ్బులోకి దూరితే ఏది పైనో ఏది కిందో శరీరానికి తెలియదు. అందులో ఎగరడం ఇంకా నేర్చుకోనివాళ్ళు, తిన్నగానే పోతున్నామని అనుకుంటూ నేలను గుద్దుకుంటారు. "మబ్బు కిందనే ఉండమనండి. ఏం జరిగినా మబ్బులోకి పోవద్దనండి" అన్నాను. ఆయన చెప్పాడు. ఆమె సరేనందని మళ్ళీ నాకు చెప్పాడు.

"ఆమెకు కింద ఏం కనబడుతోందో అడగండి సార్."

కాసేపటికి ఆయన జవాబు తెచ్చాడు. "పెద్ద పొగగొట్టాలు కనబడుతున్నాయట. నది ఉందట. మెట్లు మెట్లుగా తవ్విన పెద్ద గొయ్యి ఉందట, అడుగున నీళ్ళున్నాయట. ఆమె రామగుండం పవర్ ప్లాంటు దగ్గరుంది కంట్రోల్."

రామగుండం అంటే గోదావరిఖనిని ఆనుకునే. మా ఊరు. ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని మా ఊరి మీదుగా ఎన్ని విమానాలను పంపానో, వాటిలో ఒక్కరు కూడా దాన్ని చూసి ఇలా ఉందని నాకు చెప్పలేదు. ఆ గోతిలో ఏదో ఒక మెట్టు మా వాకిలి అయి ఉంటుందనిపించింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆ క్షణంలో నాకు భయం కన్నా ముందు సంతోషం కలిగింది.

దారి కూడా వెంటనే తట్టింది. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ పక్కన పాత రన్‌వే ఉంది. విమానాలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. మా బావ అక్కకు మోపెడ్ నేర్పింది దాని మీదే. రామగుండం పొగగొట్టాల దగ్గర్నించి నైరుతి దిక్కుగా పోతే ఆ చిన్న విమానానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. దిక్కు చెప్పే అంకె నా నాలుక చివర ఉంది. సూపర్‌వైజరు కూడా మ్యాపులో అదే చూస్తున్నాడు. "ఇచ్చెయ్" అన్నాడు.

నేను ఇవ్వలేదు. తెలివితేటల వల్ల కాదు. కెప్టెన్ చివరి వాక్యం నాకు నచ్చలేదు. పొగగొట్టాలు, నది, గొయ్యి, ఇవి ఆ పిల్ల చూసినవి. రామగుండం అన్నది మాత్రం ఆమె చూసింది కాదు, ఆయన తన మ్యాపు చూసుకుని కలిపింది. ఎక్కడుందో ఆమెకే తెలిస్తే ఇంత గొడవ దేనికి? అంత ఇష్టంగా నమ్మేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు బావ నన్ను మోటారు సైకిలు మీద శ్రీరాంపూర్‌లో ఒక పెండ్లికి తీసుకుపోయాడు. మంచిర్యాల దగ్గర నది దాటి కొంత దూరం పోయాక, మసకలో పొగగొట్టాలు కనిపించాయి.

"అదేంది బావా, మన పొగగొట్టాలు గోదారి దాటి ఇటెట్ల వచ్చినయ్?" అన్నాను.

"నడిచి వచ్చినయ్" అన్నాడు బావ. "విమానాలకు తొవ్వ చూపిస్తనంటవు గదనే మరదలా, నీ ఊరు నీకు ఎరుక లేదా? గవి జైపూర్‌యి. నువ్వు పోయినంక కట్టిన్రు."

పెండ్లిలో అన్నం తినేటప్పుడు పక్కనున్నవాళ్ళందరికీ ఆ ముచ్చట చెప్పి నవ్వించాడు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా నేను ఆయనతో మాట్లాడలేదు.

గోదావరికి ఇటు మా పొగగొట్టాలు, అటు జైపూర్ పొగగొట్టాలు. ఇటూ ఓపెన్‌కాస్ట్ గోతులే, అటూ గోతులే. మధ్యలో ఒకటే నది. పైనుంచి చూసే కొత్త పిల్లకు రెండూ ఒకటే. ఊరు వదిలి వెళ్ళిపోయిన నాలాంటిదానికి మాత్రం పొగగొట్టం అంటే ఒక్కటే, అది మాదే.

"సార్," అన్నాను. "ఇక నుంచి ఆమె మాటలే చెప్పండి. మీ మాటలు కలపకండి."

అంత పెద్ద విమానం నడిపే మనిషికి అలా చెప్పకూడదేమో. నా నోరే అంత. ఆయన మాత్రం, "సరే మేడమ్, ఆమె మాటలే చెబుతాను" అన్నాడు.

"పొగగొట్టాలను వీపు వెనక పెట్టుకుని, నదికి ఎదురుగా తిరగమనండి. అలా తిరిగాక దిక్సూచి ఏం చూపిస్తోందో చదవమనండి."

ట్యాబ్ చచ్చిపోయినా దిక్సూచి చావదు, దానికి కరెంటు అక్కర్లేదు. మా పొగగొట్టాల దగ్గర నిలబడి నది వైపు తిరిగితే మొహం ఉత్తరానికి ఉండాలి. చిన్నప్పటి నుంచి నది మాకు ఉత్తరానే. జైపూర్ దగ్గరైతే నది నైరుతిలో ఉండాలి. నేను ఉత్తరం కోసం ఎదురుచూశాను. ఆ పిల్ల మా ఊరి మీద ఉండాలని ఎంతగా కోరుకున్నానో చెప్పలేను.

"ఆమె మాటలు చెబుతున్నాను," అన్నాడు కెప్టెన్. "నది నా ఎదురుగా ఉంది. దిక్సూచి నైరుతి చూపిస్తోంది. నాకు చాలా భయంగా ఉంది."

ఆమె నదికి అవతలి ఒడ్డున ఉంది. నా నాలుక చివర ఉన్న ఆ అంకె ఇచ్చి ఉంటే, ఆమె ఆ మసకలో, మబ్బుకు భయపడి ఇంకా కిందికి దిగి, నది దాటి, తిన్నగా మా పొగగొట్టాల మీదికే పోయేది. రెండు చోట్ల పొగగొట్టాలూ సరిగ్గా ఆ గీత మీదే ఉన్నాయి. మావాటి తలలు ఆ రోజు మబ్బులో మునిగి ఉన్నాయని తర్వాత బావ చెప్పాడు. నా వెనక సూపర్‌వైజరు మ్యాపు మీద జైపూర్ వెతికాడు.

అంత భయంలోనూ లోపల ఎక్కడో చిన్న నిరాశ. ఆమె చూసిన గొయ్యి మాది కాదు. ఎవరిదో ఇంకో ఊరిది.

"ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు ఆమెకు చెప్పండి సార్, ఆమె చేత తిరిగి చెప్పించండి," అన్నాను. "నది దాటవద్దు. కుడికి తిరిగి, నదిని ఎడమ చేతి పక్కన పెట్టుకుని, దాని వెంట ఎగువకు పోవాలి. కొంతసేపటికి వంతెనలు కనబడతాయి. రైలు వంతెన చూసుకోవాలి. అక్కడ ఎడమకు తిరిగి, పట్టాల వెంట నది దాటాలి. పట్టాలు ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కనే ఉండాలి. ఆ ఎడమకే దూరంగా మళ్ళీ పొగగొట్టాలు వస్తాయి. పట్టాలు దాటి అటు పోకూడదు. పొగగొట్టాలు వెనకబడ్డాక సిమెంటు ఫ్యాక్టరీ కోసం చూడాలి, దాని పక్కనే పాత రన్‌వే."

కెప్టెన్ ఒక్కో మాటా అందించాడు. ఒక్కో మాటా తిరిగొచ్చింది. ఎడమ అన్నచోట ఎడమ, కుడి అన్నచోట కుడి. ఆ తర్వాత ఆయన తనంతట తానే, "నాకు ఇంకొక్క చుట్టు తిరగడానికి సరిపడా ఇంధనం ఉంది. తిరుగుతాను" అన్నాడు. నా తెర మీద ఆయన చుక్క మెల్లగా వంపు తిరిగింది. ఆ వంపు చూస్తుంటే ఆయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

వంతెనలు కనబడ్డాయి. పట్టాలు దొరికాయి. బొగ్గు గూడ్సు ఒకటి ఆమె పక్కనే పోతోందట. ఎడమ పక్క దూరంగా పొగగొట్టాల మొదళ్ళు కనిపించాయి, పైభాగం లేదట.

"కింద ఎక్కడైనా మంట పొగ కనిపిస్తే, అది ఎటు వాలుతోందో అడగండి."

ఏదో పొలంలో చెత్త తగలబెట్టిన పొగ ఈశాన్యానికి వాలుతోంది. అంటే గాలి నైరుతి నుంచి. ఎదురుగాలికి దిగాలి. పాత రన్‌వే గురించి నాకు తెలిసిందంతా చెప్పాను, తెలియనిది కూడా చెప్పాను. "అది మూసేసిన రన్‌వే. ఇప్పుడెలా ఉందో నాకు తెలియదు. పగుళ్ళు ఉండొచ్చు. మేకలో, మనుషులో ఉండొచ్చు. ముందు ఒకసారి కిందుగా దాని మీద నుంచి పోయి చూసుకోవాలి. బాగుందనిపిస్తేనే దిగాలి. నిర్ణయం ఆమెదే." సూపర్‌వైజరు ఇంకో ఫోన్‌లో అక్కడి పోలీసుల కోసం ప్రయత్నిస్తున్నాడు. ఎవరూ ఎత్తడం లేదు.

"సిమెంటు ఫ్యాక్టరీ కనబడింది," అన్నాడు కెప్టెన్. "రన్‌వే కనబడింది. మేకలున్నాయి." కొంచెం ఆగి, "ఒకసారి మీద నుంచి పోయాను. మేకలను ఎవరో తోలుతున్నారు. ఇప్పుడు దిగుతాను" అన్నాడు. ఆయన చెప్పినట్టే ఆమె మాటలను ఆమెలాగే చెబుతున్నాడు.

ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఆమె పలకలేదు. దిగి ఇంజను, రేడియో అన్నీ ఆపేసి ఉండవచ్చు. ఇంకేదైనా అయి ఉండవచ్చు. రెండింటికీ రేడియోలో వినిపించేది ఒకటే.

"కంట్రోల్, నేనింక ఆగలేను," అన్నాడాయన. "వెళ్ళక తప్పదు. క్షమించండి."

"చాలా సాయం చేశారు సార్. గుడ్ డే," అన్నాను. ఆయన చుక్క నా హద్దు దాటిపోయింది. నన్ను కుర్చీలోంచి లేపి ఇంకొకరిని కూర్చోబెట్టారు. అది శిక్ష కాదు, ఇలాంటిది జరిగితే లేపాలి, విచారణ అయ్యేదాకా దీని గురించి బయట మాట్లాడకూడదు. పక్క గదిలో కూర్చోబెట్టి, జరిగింది రాసివ్వమన్నారు. రాశాను. రాస్తున్నంతసేపూ తలుపు వైపే చూశాను. ఎవరూ రాలేదు. చాయ్ తాగుతావా అని అడిగేవాళ్ళు కూడా లేరు, అందరూ తమ తమ చుక్కల దగ్గర ఉన్నారు. ఆ పిల్ల చచ్చిపోయి ఉంటే, ఆమె చివరిగా విన్న మాటలు నావే. అయినా నేనెవరో ఆమెకు తెలియదు. ఆ గదిలో నాకు పట్టిన ఒంటరితనం లాంటిది నా ఫ్లాటులో ఎన్నడూ పట్టలేదు.

డ్యూటీ గదిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, బయట లాకర్‌లో పెట్టాలి. కాగితం ఇచ్చేసి లాకర్ తెరిచేసరికి ఫోన్ మోగుతోంది. అక్క.

"ఫోన్ ఎత్తవేందే? ఎంతసేపటి సంది చేస్తున్న."

"డ్యూటీల ఉన్ననక్కా. ఏమైంది?"

"ఏమైందా? గీడ విమానం దిగింది. బసంత్‌నగర్ కాడ, పాత రన్‌వే మీద. నువ్వు పొద్దు లేస్తే విమానాలు విమానాలు అంటవు, మాకాడికే వచ్చింది చూడు. మీ బావ డ్యూటీ దిగి వచ్చిండు, అన్నం గూడ ముట్టకుంట ఉరికిండు."

"లోపల ఉన్నోళ్ళు?"

"ఒక్కతే ఆడిపిల్లనట."

"ఎట్లున్నదక్కా?"

"ఎట్లుండుడేంది, మంచిగనే ఉన్నదట. మోకాలు గూడ గీరుకపోలేదట. జర భయపడ్డదట గంతే."

నేను లాకర్ల ముందు నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఆగలేదు.

"ఏందే, ముక్కు చీదుతున్నవ్. జలుబు చేసిందా?"

"ఏసీల కూసుంటం గదక్కా."

"మిరియాల చారు పెట్టుకో. నువ్వు గీడుంటే మంచిగుండు, చూస్తుంటివి. ఊరోళ్ళందరు చూసిన్రు."

అక్క పెట్టెయ్యగానే బావకు చేశాను. ఫోన్‌లో జాతర వినిపించింది. బావ గట్టిగా అరుస్తూ చెప్పాడు. విమానం మొదటిసారి నెత్తి మీదికెల్లి పోయేసరికి మేకల అవ్వ దాన్ని బూతులు తిట్టుకుంటూ మేకలన్నింటినీ తుప్పల్లోకి తోలిందట. రెండోసారి వచ్చి దిగిందట. దిగినాక పిల్ల బయటికి రాకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే, ఆ అవ్వే పోయి చెయ్యి పట్టి దించిందట. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో గ్లూకోజ్ కలిపారు, ఎవరో పెరుగన్నం తెచ్చారు. మా ఊరంతా ఆమె చుట్టూ ఉంది. నాకు ఆ పిల్ల మీద ఈర్ష్య కలిగింది. ఆ ఊళ్ళో నాకు ఎవరూ కుర్చీ వెయ్యక ఎన్నేళ్ళయిందో.

"మాట్లాడుతవా?" అన్నాడు బావ. "తెలుగు పిల్లనే. ఆగు." నేను వద్దు బావా అంటూనే ఉన్నాను, ఆయన వినలేదు. "బిడ్డా, మా మరదలు. గామె గూడ పట్నంల విమానాలకాడనే చేస్తది. జర ధైర్యం చెప్తది మాట్లాడు."

"నమస్తే మేడమ్," అంది గుంటూరు వైపు యాసలో.

అదే మొదటిసారి ఆమె గొంతు వినడం. చాలా చిన్న గొంతు. ఇద్దరం తెలుగువాళ్ళమే, ఇందాక ఒక మలయాళీ గొంతు మీదుగా ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం.

"ఎట్లున్నవమ్మా?"

"బాగున్నాను మేడమ్. వీళ్ళు పెరుగన్నం పెట్టారు. పైన ఎవరో కెప్టెన్ గారు నాతో మాట్లాడారు మేడమ్. ఆయన లేకపోతే నేను లేను. ఎవరో ఏమిటో కనుక్కుని, ఒకసారి వెళ్ళి కాళ్ళకి దండం పెట్టుకోవాలి."

"పెట్టుకోమ్మా. మంచి మనిషి."

చెప్పకూడదన్నది నియమం. నియమం లేకపోతే చెప్పేదాన్నా అంటే, చెప్పేదాన్నేమో. నోటిదాకా వచ్చింది.

"ఒకటి అర్థం కాలేదు మేడమ్," అంది. "ఆయన మాట మలయాళీలా ఉంది. కానీ నది ఏ చేతి పక్కన ఉండాలో, పట్టాలకి ఎటు ఉండాలో, ఈ ఫ్యాక్టరీ పక్కన రన్‌వే ఉందని, మేకలు కూడా ఉంటాయని, అన్నీ చెప్పారు. అంత ఎత్తునుంచి ఇవన్నీ కనబడవు కదా. ఆయనది ఈ ఊరే అయ్యుంటుంది కదా మేడమ్?"

ఆమె వెనక బావ ఎవరినో పక్కకు జరగమంటున్నాడు. మేకలు అరుస్తున్నాయి. ఎవరో ఆడమనిషి, పిల్లకు గాలి ఆడనియ్యిరి అని కోప్పడుతోంది.

"అవునమ్మా," అన్నాను. "ఈ ఊరే."